మా దగ్గర తెరుచుకుంటోంది

బడి ఆఫీసులో అందరూ కంప్యూటరమ్మ అని పిలిచే ఆమె ఆ ఉదయం నాలుగోసారి అదే మాట ఫోనులో చెప్పి పెట్టేసింది. దరఖాస్తు మా దగ్గర తెరుచుకుంటోందండీ, మీ ఫోనులోనే ఏదో ఉంది, అయినా గడువు నిన్నటితో అయిపోయిందిగా అని. అవతలి మనిషి ఇంకేదో అడగబోతూ ఊపిరి తీసుకోవడం వినపడింది కానీ, చెప్పాల్సింది చెప్పేశాక ఇంకా వింటూ కూర్చోవడం దండగ అనిపించింది. విచారణల పుస్తకంలో తేదీ, పేరు, ఊరు, నంబరు వేసి, ఎదురుగా 'జవాబు చెప్పడమైనది' అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

తలెత్తేసరికి కిటికీ అవతల ఒకాయన నిలబడి ఉన్నాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మరిచిపోయి బయల్దేరినట్టున్నాడు. చొక్కా జేబు చుట్టూ రంగురంగుల దారం తుంపులు అంటుకుని ఉన్నాయి. పక్కన కిటికీ అంచుకు గడ్డం ఆనేంత ఎత్తున్న పాప. పాప ఆమె ముఖం కేసి చూడటం లేదు, నోటి కేసి చూస్తోంది. చెవులు వినపడని పిల్లల బడిలో ఆ చూపు ఆమెకు కొత్త కాదు.

"దరఖాస్తు కోసమమ్మా," అన్నాడు దర్జీ. "నిన్న సాయంత్రమే వచ్చాను. కిటికీ మూసేశారు."

గడువు నిన్నటితో సరి అని ఆమె మళ్ళీ చెప్పింది. మూడు వారాలుగా రోజూ ఫోనులో నొక్కుతూనే ఉన్నానని ఆయన అన్నాడు. రెండు బస్సులు మారి రావాలి, కొట్టు మూసుకుని రావాలి, ఇంట్లోనే నింపుకోవచ్చని మీరే రాశారు కదా అని నొక్కుతూ కూర్చున్నానన్నాడు. రెండుసార్లు ఫోను చేస్తే మళ్ళీ ప్రయత్నించమన్నారట. నెట్ సెంటరాయన కూడా నొక్కి చూసి, మీ బడి వాళ్ళనే అడగమన్నాడట.

"నొక్కితే ఏం వస్తోంది?"

"ఏమీ రావట్లేదమ్మా. అదే నాకు అర్థం కానిది. తప్పు అని కూడా అనదు. రాయిని నొక్కినట్టే ఉంటుంది."

కంప్యూటరమ్మకు కొంచెం రోషం వచ్చింది. ఆ పేజీ ఆమె ఒక్కొక్క అక్షరం కొట్టి తయారుచేసినది. తెరను రెండు చేతులతో పట్టుకుని కిటికీ వైపు తిప్పి, ఆయనకు కనపడేలా 'దరఖాస్తు ఇక్కడ నింపండి' అన్న నీలం అక్షరాల మీద నొక్కింది. క్షణంలో దరఖాస్తు తెరుచుకుంది. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, వినికిడి పరీక్ష వివరం, అన్నీ ఖాళీ గడులతో శుభ్రంగా.

"చూశారా," అంది.

ఆయన చాలాసేపు చూశాడు. "ఇక్కడ పడుతోంది," అన్నాడు నెమ్మదిగా.

పక్క బల్ల దగ్గర కాగితాల మీద ముద్రలు వేస్తున్న పెద్ద గుమాస్తా తల తిప్పాడు. ఆయన్ని బడి అంతా స్టాంపు బాబాయ్ అంటారు. సరదా మనిషి, నోరు ఊరుకోదు. "దర్జీగారూ, వేలికి తొడుగు తీసి నొక్కారా, ఉంచే నొక్కారా? ఇనప తొడుగుతో నొక్కితే ఫోనుకు తెలియదండీ," అన్నాడు. కంప్యూటరమ్మకు నవ్వొచ్చింది. దర్జీ కూడా నవ్వాడు. నవ్వి, తన చూపుడువేలు ఒకసారి చూసుకున్నాడు. సూది పోట్లకు కాయ కాసి, చివర తెల్లగా మొద్దుబారి ఉంది.

"వేలు మొద్దని ఇంటిదాని చేత కూడా నొక్కించానండీ. దీని చేతా నొక్కించాను," అని పాప తల మీద చెయ్యి వేశాడు.

ఈ మాటలకు పెద్ద మేష్టారు తన గది నుంచి బయటికి వచ్చారు. విషయం విని, కంప్యూటరమ్మ బల్ల దగ్గరే వంగి, తాను కూడా ఒకసారి నొక్కి చూశారు. తెరుచుకుంది. మర్యాదగానే చెప్పారు, ఇందులో మా లోపం ఏమీ లేదు, గడువు దాటాక తీసుకునే అధికారం నాకు లేదు, వచ్చే ఏడాది ముందుగా రండి అని.

"వచ్చే ఏడాది బడి తెరిచేసరికి దీనికి ఎనిమిది నిండుతాయండీ. ఎనిమిది నిండితే తీసుకోరని రాశారు కదా."

"ఆ నిబంధన నేను రాసింది కాదు నాయనా," అన్నారు పెద్ద మేష్టారు. అని, లోపలికి వెళ్ళిపోయారు.

దర్జీ పాప భుజం తట్టి, గేటు వైపు వేలు చూపించాడు. పాప వెళుతూ వెళుతూ మైదానంలో చేతులతో కబుర్లు చెప్పుకుంటున్న పిల్లల దగ్గర ఆగిపోయింది. వాళ్ళ చేతుల్నే చూస్తూ తన చెయ్యి కూడా పైకెత్తి, ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉంచేసింది. తండ్రి వెనక్కి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. కిటికీలోంచి ఇదంతా చూసి కంప్యూటరమ్మ తెరను మళ్ళీ తన వైపు తిప్పుకుంది.

మధ్యాహ్నం పెద్ద మేష్టారు ఆమె చేత పై ఆఫీసుకు ఒక ఉత్తరం కొట్టించారు. ముప్పై రెండు సీట్లకు పందొమ్మిది దరఖాస్తులే వచ్చాయి, తల్లిదండ్రుల్లో ఆసక్తి తగ్గినట్టు కనపడుతోంది, మిగిలిన పదమూడు సీట్లు, వాటికి కేటాయించిన ఒక గది ఇంకేదైనా అవసరానికి తీసుకోవచ్చు అని. ఆయన గొంతులో బాధ ఉంది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. పోయినేడు కాగితం మీద యాభై ఎనిమిది మంది పెట్టుకున్నారమ్మా, ఇంటి నుంచే నింపుకునే సౌకర్యం ఇచ్చిన ఏడాదే ఇలా అయింది, మంచికి పోతే ఇంతే అన్నారు.

ఉత్తరానికి జత చేయడానికి ఆమె పందొమ్మిది దరఖాస్తులూ వరసగా పేర్చింది. చిరునామాలు జాబితాగా కొడుతుంటే, ఏడో ఎనిమిదో పేరు దగ్గర వేళ్ళు నెమ్మదించాయి. వెనకవీధి. మార్కెట్ వీధి. మళ్ళీ వెనకవీధి. నీళ్ళ ట్యాంకు పక్క సందు. అన్నీ బడికి నడిచి వచ్చే దూరంలోవే. పందొమ్మిదీ ఆమెకు గుర్తే. అందరూ ఈ కిటికీ దగ్గరికి వచ్చి, ఈ కంప్యూటరు మీదే, ఆమె చేతే నింపించుకున్నవాళ్ళు. ఊరి అవతల నుంచి ఒక్కటి లేదు. ఇంటి నుంచి నింపినది ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఏదో సరిగా లేదనిపించింది. ఏమిటో తోచలేదు. జాబితా పూర్తిచేసి, సంతకానికి పెట్టి, వేళ కాగానే ఇంటికి వచ్చేసింది.

రోజంతా చూసే పేజీని ఇంటికి వచ్చి కూడా ఎవరు చూస్తారు? ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ సాయంత్రం వంటింటి గట్టు దగ్గర నిలబడి, పొయ్యి మీద నీళ్ళు కాగేలోపల, తన ఫోనులో బడి పేజీ తెరిచింది. పైన బడి బొమ్మ వచ్చింది. 'బడి వేళలు' నొక్కింది, తెరుచుకుంది. 'ఉపాధ్యాయులు' తెరుచుకుంది. 'దరఖాస్తు ఇక్కడ నింపండి' నొక్కింది.

ఏమీ కాలేదు.

చెయ్యి తడిగా ఉందేమోనని తువ్వాలుకు తుడుచుకుని మళ్ళీ నొక్కింది. అక్షరాల రంగు ఒక్క క్షణం మారి మళ్ళీ యథాప్రకారం అయింది. తప్పు అని కూడా అనలేదు. డిపోలో బస్సులు బాగుచేసి వచ్చి, పెరట్లో చేతుల జిడ్డు కడుక్కుంటున్న భర్త దగ్గరికి పరిగెత్తి ఆయన ఫోనులో నొక్కించింది. కాలేదు. లోపల బట్టలు మడతపెడుతున్న అత్తగారి ముందు ఫోను పెట్టి, ఇక్కడ నొక్కండి అత్తయ్యా అంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, గట్టిగా ఒకసారి నొక్కి, కోడలి ముఖం చూసింది.

"ఏమైనా అవ్వాలా?"

"అవ్వాలి అత్తయ్యా."

"మరి అవ్వలేదుగా."

పొయ్యి మీద నీళ్ళు పొంగి మంట ఆరిపోయిన చప్పుడైంది.

మర్నాడు ఆఫీసు గదులు ఊడవకముందే ఆమె బల్ల దగ్గర ఉంది. రోజూ కంప్యూటరు పెట్టేముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, నా చేతి మీదుగా ఎవరికీ చెడు జరగకుండా చూడు స్వామీ అనుకోవడం ఆమెకు అలవాటు. ఆ రోజు అది కూడా మరిచిపోయి, పేజీ వెనక రాత తెరిచింది.

వెనక రాత అంటే జనానికి కనపడనిది. పైకి నీలంగా, కింద గీతతో కనపడే ప్రతి మాటకూ లోపల ఒక వరస ఉంటుంది. కోణపు గుర్తు, ఏ అనే అక్షరం, హెచ్‌రెఫ్ అన్న మాట, సమానం గుర్తు, తర్వాత కొటేషన్ల మధ్య వెళ్ళాల్సిన చోటు. ఆ తర్వాత జనం చదివే మాట. చివర మూత. మూత వెయ్యడం మరిచిపోతే అక్కడి నుంచి పేజీ అడుగుదాకా అంతా నీలమైపోతుంది, ఆ తప్పు ఎవరికైనా ఇట్టే దొరుకుతుంది. ఆమె వరసలన్నీ చదువుకుంటూ కిందికి వచ్చింది. ఇరవై ఒక్క లింకులు. ఇరవై సరిగా ఉన్నాయి. దరఖాస్తుది మాత్రం మిగతావాటికంటే పొడుగ్గా ఉంది.

కొటేషన్ల మధ్య వెళ్ళాల్సిన చోటు అని ఆమె రాసింది బడి పేజీలుండే చోటు కాదు. తన కంప్యూటరులో, తన సొంత ఫోల్డరులో, దరఖాస్తు ఫైలు ఉన్న చోటు. నెల కిందట ఆ ఫైలు పేరు ఎలా కొట్టినా తెరుచుకోలేదు. విసుగొచ్చి, ఫోల్డరు పైన కనపడే దారిని మొత్తం అలాగే ఎత్తి తెచ్చి అతికించింది. తెరుచుకుంది. హమ్మయ్య అనుకుని, పేజీని నెట్‌లోకి ఎక్కించి ఊరుకుంది. తర్వాత ఎన్నిసార్లు చూసుకున్నా తన కంప్యూటరులో ఉన్న కాపీలోనే చూసుకుంది. పెద్ద మేష్టారు చూసిందీ అందులోనే. ఆ దారి ఆ బల్ల మీది కంప్యూటరుకు తప్ప లోకంలో ఇంకే యంత్రానికీ తెలియదు. మన ఇంటి అలమరలో రెండో అరలో ఉంది తీసుకోండి అని ఊరందరికీ చెప్పినట్టు.

ఆమె చెయ్యి ఆగలేదు. అనవసరమైనదంతా చెరిపేసి, వట్టి ఫైలు పేరు ఉంచి, దరఖాస్తు ఫైలును పేజీ పక్కనే పెట్టి, రెండూ మళ్ళీ ఎక్కించింది. ఫోను తీసి నొక్కింది. దరఖాస్తు తెరుచుకుంది. మొత్తం పని రెండు నిమిషాలు పట్టలేదు.

అప్పుడు తట్టింది. ఇప్పుడు ఎవరు ఎక్కడ నొక్కినా తెరుచుకుంటుంది. మూడు వారాలు తెరుచుకోలేదని చెప్పడానికి ఇక ఆ దర్జీ లాంటివాళ్ళ నోటిమాట తప్ప ఇంకే సాక్ష్యమూ లేదు.

పెద్ద మేష్టారు రాగానే గదిలోకి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. తన ఫోను తీసి, బడి పేజీలోకి వెళ్ళి నొక్కారు. తెరుచుకుంది.

"పని చేస్తోందిగా."

"ఇప్పుడే దిద్దానండీ."

"పోనీలే. దిద్దావుగా." ఆయన ఫోను పక్కన పెట్టి, కళ్ళు నులుముకున్నారు. లేనిపోని నింద నెత్తిన వేసుకోకమ్మా అన్నారు. ఆ దారి ఫోనుల్లో తెరుచుకోలేదని నువ్వు అనుకుంటున్నావు, కొందరికి తెరుచుకుందేమో, కొందరికి లేదేమో, ఎవరు చూడొచ్చారు, ఉత్తరం నిన్ననే పోయింది, ఇప్పుడు మా తప్పని రాస్తే చేసిందెవరని అడుగుతారు, నెలాఖరుకు నీ ఉద్యోగం పొడిగింపు కాగితం కదలాలి, అది కూడా అక్కడికే పోవాలి అన్నారు. ఆయన బెదిరించడం లేదు. నిజంగానే ఆమె మంచి కోరి చెబుతున్నారు. అందుకే ఎదురు చెప్పడం మరీ కష్టమైంది.

ఆ సాయంత్రం ఇంట్లో కూడా అదే మాట వచ్చింది. భర్త అన్నాడు, బండి బ్రేకు పాడైందని తెలిసింది, బాగుచేశావు, అక్కడితో సరి, పాతది తవ్వుకుంటే నీకే నష్టం అని. ఆమె తలూపింది. అత్తగారు మాత్రం మడతపెట్టిన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. ఆవిడ పెద్దగా చదువుకోలేదు కానీ, అర్థం కాని సంగతిని అర్థమయ్యేదాకా వదిలే రకం కాదు.

"ఆ దర్జీ ఇప్పుడొచ్చి నొక్కితే తెరుచుకుంటుందా?"

"తెరుచుకుంటుంది అత్తయ్యా."

"అంటే నిన్నటిదాకా నీ తప్పుగా ఉన్నది, నువ్వు దిద్దాక అతని తప్పయిందన్నమాట."

అత్తగారు ఆ మాట పొడుపుగా అనలేదు, లెక్క సరిగా వేశానా అని అడిగినట్టు అంది. దేవుడి ముందు దీపం వెలిగించడానికి వెళ్ళి, కంప్యూటరమ్మ ఎప్పటిలా ఏదీ అడగలేకపోయింది. చెడు జరగకుండా చూడమని ఆరేళ్ళుగా అడిగింది. జరిగిపోయిన చెడుకు ఏం అడగాలో, అది ఆయన చెయ్యాల్సిన పనో తాను చెయ్యాల్సిన పనో తేలలేదు.

గురువారం పొద్దున ఆమె పేజీ వెనక రాత మళ్ళీ తెరిచింది. దిద్దిన వరస దగ్గరికి వెళ్ళింది. తన కంప్యూటరు పేరు, తన ఫోల్డరు పేరు, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పాత దారిని మళ్ళీ కొట్టింది. తెలిసి తప్పు రాయడం ఆమెకు అదే మొదలు. రెండుసార్లు అక్షరం జారింది. ఎక్కించాక తన ఫోనులో నొక్కి చూసుకుంది. ఏమీ కాలేదు. లేచి పెద్ద మేష్టారి గదిలోకి వెళ్ళింది.

"సార్, మీ ఫోనులో ఒక్కసారి నొక్కండి."

"మళ్ళీనా," అంటూ ఆయన నొక్కారు. ఊరుకుని, మళ్ళీ నొక్కారు. బొటనవేలు తిప్పి చూసుకుని, చొక్కాకు తుడుచుకుని, ఇంకొంచెం గట్టిగా నొక్కారు. ఆమె ఆ వేలినే చూస్తూ నిలబడింది.

"నిన్న వచ్చిందిగా."

"నిన్న నేను దిద్దాక వచ్చిందండీ. ఇప్పుడు మూడు వారాలు ఎలా ఉందో అలాగే పెట్టాను. చెబితే మీకు తెలియలేదు. నొక్కితే తెలుస్తుందని."

ఆయనకు కోపం వస్తుందనుకుంది. పాడుచేసి చూపించడమేమిటని కేకలేస్తారనుకుంది. ఆయన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టారు. గోడ మీద వరసగా ఉన్న పాత పిల్లల గ్రూపు ఫోటోల కేసి చాలాసేపు చూశారు.

"మా చెల్లెలి తోటికోడలు పది రోజుల కిందట ఫోను చేసింది," అన్నారు చివరికి. "అన్నయ్యా, మీ పేజీ నొక్కితే పడటం లేదు అంది. ఆఫీసుకు వచ్చి నింపుకో అన్నాను. వచ్చింది, నువ్వే నింపావు. పని అయిపోయింది." ఫోటోల మీంచి చూపు తిప్పి, "నాకు ఆ రోజే తెలుసన్నమాట. మనవాళ్ళు కాబట్టి నాకు నేరుగా ఫోను చేయగలిగారు. అది నాకు తట్టనే లేదు," అన్నారు.

ఆమె బల్ల దగ్గరికి పోయి లింకు సరిచేసి, ఉత్తరం కొట్టడానికి కూర్చుంది.

రెండు వాక్యాలు కొట్టేసరికి స్టాంపు బాబాయ్ వెనక నుంచి వంగి చదివాడు. ఆయన ముఖంలో ఎప్పుడూ ఉండే సరదా లేదు. "అమ్మాయ్, 'సాంకేతిక లోపం వల్ల' అని రాయి. ఆ ఒక్క మాట పడిందంటే ఎవరి మీదా పడదు. నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆ మాటకు తిరుగు ప్రశ్న ఇంతవరకూ రాలేదు," అన్నాడు. ఆయనకు ఆమె మీద ఆపేక్ష ఉంది. ఆమె ఆ మాట కొట్టింది. కొట్టి, చదువుకుంది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే వాన పడ్డట్టు, ఎండ కాసినట్టు ఉంది. దాన్ని చెరిపేసి, 'ఈ పేజీ తయారుచేసిన నేను లింకు తప్పుగా రాయడం వల్ల, దాన్ని బయట నుంచి పరీక్షించకుండా పనిచేస్తోందని అందరికీ చెప్పడం వల్ల' అని రాసింది. పెద్ద మేష్టారు చదివి, పెన్ను పట్టుకుని కొంచెంసేపు ఆలోచించి, 'నేను' పక్కన 'మేము' అని చేర్చి సంతకం చేశారు.

శుక్రవారం మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. గడువు ఇంకో పది రోజులు పెంచారు. పాత పందొమ్మిదీ అలాగే ఉంటాయి, మిగిలిన సీట్లు వచ్చిన వరస ప్రకారం ఇవ్వమన్నారు. పేజీ చేసినావిడ సంగతి నెలాఖరున మాట్లాడదాం అన్నారు. పెద్ద మేష్టారు ఆ చివరి మాట కూడా దాచకుండా చెప్పారు.

విచారణల పుస్తకం ముందేసుకుని ఆమె ఒక్కొక్క నంబరుకే ఫోను చేసింది. 'జవాబు చెప్పడమైనది' అని తాను రాసిన చోటల్లా. ఇరవై మూడు ఉన్నాయి. కొందరు సంతోషించారు. ఒకావిడ, అయితే మా ఆయన ఫోను నేలకేసి కొట్టింది ఉత్తపుణ్యానికన్నమాట అని నవ్వింది. ఒకాయన నవ్వలేదు, నోటికొచ్చినట్టు అన్నాడు, ఆమె అన్నీ వింది. ఊపిరి తీసుకునే చప్పుడు వినపడినా పెట్టెయ్యకుండా ఆగింది. దర్జీ నంబరు మాత్రం ఎన్నిసార్లు చేసినా కలవలేదు. వరస ప్రకారం అన్నారు. ఇరవైయో దరఖాస్తు ఆ పాపది కాకుండా ఇంకెవరిదో ముందు పడితే, పదమూడు నిండిపోతే అనుకుని, పుస్తకంలో అతని నంబరు పక్కన రాసిన ఊరి పేరు చూసింది.

శనివారం పొద్దున్నే రెండు బస్సులు మారి, దర్జీ కొట్టు ఎక్కడో అడుగుతూ వెళ్ళింది. సందు మలుపులో చిన్న కొట్టు. గుమ్మం మీద నుంచి కుట్టడం అయిపోయిన చొక్కాలు వేలాడుతున్నాయి. మిషను మీద దర్జీ, వెనక గడప దగ్గర గుండీలు రంగుల వారీగా వేరుచేస్తూ పాప. గడప లోపల ఇల్లు. ఎవరో గిన్నెలు గట్టిగా పెడుతున్న చప్పుడు.

దర్జీ ఆమెను గుర్తుపట్టి మిషను ఆపాడు. లేవలేదు. ఏం కావాలమ్మా అన్నాడు, గిరాకీని అడిగినట్టు.

"మీ ఫోను కలవలేదన్నయ్యా," అంది.

"అమ్మేశాను. పనికిరాని వేలికి ఫోనెందుకు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

దారి పొడవునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. "మీ వేలు బాగానే ఉంది. తప్పు మాది. నాది. ఆ లింకు నేనే తప్పుగా రాశాను. మా ఆఫీసులో తప్ప ఇంకెక్కడా తెరుచుకోలేదు. ఎవరు నొక్కినా తెరుచుకోలేదు," అంది.

ఆయన సీటు సంగతి అడుగుతాడనుకుంది. అడగలేదు. కేకలేస్తాడేమో అనుకుంది. వెయ్యలేదు. లేచి నిలబడి, గడప వైపు చూపించాడు.

"ఆ మాట లోపలికి వచ్చి ఒకసారి చెబుతారా?"

లోపల ఆయన భార్య వీపు తిప్పుకుని గిన్నెలు తోముతోంది. మొగుడి గొంతు విని కూడా ఇటు తిరగలేదు. ఆ ఇంట్లో నాలుగు రోజులుగా మాటల్లేవని గుమ్మంలో నిలబడగానే తెలిసిపోయింది. కంప్యూటరమ్మ మళ్ళీ చెప్పింది, మీ ఆయన మూడు వారాలూ సరిగానే నొక్కారమ్మా, తప్పు నాది అని. గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ తడి చేతులతో లేచి, కంప్యూటరమ్మను కాకుండా మొగుణ్ణి చూసింది. చేతిలో ఉన్న గిన్నెను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయింది.

దర్జీ అక్కడితో వదల్లేదు. పక్క గదిలో మంచం మీద ఉన్న ముసలి తల్లి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడకు కొంచెం చెవుడు, రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఎదురు కొట్టు ఇస్త్రీ ఆయన దగ్గరికి. ఆయన ఈ నాలుగు రోజులూ ఏమన్నాడో ఏమో, వినగానే తల దించుకుని ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు సర్దుకున్నాడు. చెప్పినప్పుడల్లా కంప్యూటరమ్మకు ముఖం మండింది. చెప్పినప్పుడల్లా మాట కొంచెం పొట్టిదైంది. చివరికి మూడే మాటలు మిగిలాయి, తప్పు నేనే చేశాను అని.

కొట్టులోకి తిరిగి వచ్చాక, లింకు దిద్దానని, గడువు కూడా పెంచారని చెప్పి, తన ఫోను తీసి, పేజీ తెరిచి ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక క్షణం జంకి, ఆ మొద్దువేలితో నొక్కాడు. దరఖాస్తు తెరుచుకుంది. భార్య వచ్చి పక్కన నిలబడింది. బిడ్డ పేరు ఆయన చెబితే, పుట్టిన తేదీ ఆవిడ చెప్పింది. పంపించాక తెర మీద నంబరు వచ్చింది. ఇరవై ఆరు. ముప్పై రెండులోపే. ఇక సీటుకు ఢోకా లేదని కంప్యూటరమ్మ చెప్పింది. ఆవిడ అప్పుడు కూర్చుండిపోయి కళ్ళు తుడుచుకుంది.

పాప గుండీలు వదిలేసి లేచి, ఒకరి తర్వాత ఒకరి నోళ్ళు చూస్తోంది. ఇల్లంతా కదిలిపోతోంది, తల్లి ఏడుస్తోంది, నాన్న నవ్వుతున్నాడు, ఎందుకో ఆ బిడ్డకు ఎవరూ చెప్పలేదు. కంప్యూటరమ్మ ఆ పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అందరికీ చెప్పింది. అసలు చెప్పాల్సిన మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదు. ఆరేళ్ళు ఆ బడిలో పనిచేసి, మైదానంలో ఆడే ఆ చేతుల భాషలో ఒక్క మాట నేర్చుకోలేదు. తన గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. తల అడ్డంగా ఊపింది. పాప అర్థం కాక తండ్రి వైపు తిరిగింది.

దర్జీకి కూడా ఆ భాష రాదు. ఇంట్లో వాళ్ళు కల్పించుకున్న సైగలే. ఆయన కంప్యూటరమ్మను చూపించి, కనుబొమలు ముడిచి, తన మణికట్టు మీద రెండు వేళ్ళతో తట్టుకున్నాడు. ఇంట్లో ఎవరైనా పాలు ఒలకబోసినా, దారం చిక్కు పెట్టినా వాళ్ళ మధ్య ఆ గుర్తేనని ఆయన భార్య మెల్లగా చెప్పింది.

పాప కళ్ళు పెద్దవయ్యాయి. కంప్యూటరమ్మ ముఖంలోకి చూసింది, ఈసారి నోటి కేసి కాదు. ఇంత పెద్దావిడ ఏం పాడుచేసి ఉంటుందా అని తీరికగా ఆలోచించినట్టుంది. తర్వాత దగ్గరికి వచ్చి, ఆమె చెయ్యి తిప్పి పట్టుకుని, నవ్వకుండా, మణికట్టు మీద రెండు దెబ్బలు వేసింది. వేసి, తన గుండీల దగ్గరికి వెళ్ళిపోయింది.

కంప్యూటరమ్మ ఆ చెయ్యి అలాగే చాపి ఇంకొంచెంసేపు కూర్చుంది.